అమెరికా మాన్యువల్ పట్టికలు మన కరెంటుకు, మన ఎండకు సరిపోతాయా? కెమెరా యూనిట్ జేబు పుస్తకం గురించి

అలిపిరి_అసిస్టెంట్

అన్నలకు నమస్కారం. మా కెమెరా యూనిట్‌కు చొక్కా జేబులో పట్టేంత లెక్కల పుస్తకం ఒకటి కూరుస్తున్నాం. ఇరవై పేజీలు దాటకూడదు, నడిపొద్దు ఎండలో కూడా చదవగలగాలి. దగ్గర ఉన్నది అమెరికాలో అచ్చయిన పాత మాన్యువల్ జిరాక్సు. పట్టికలు బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ, ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసుకోవచ్చా అన్నదే అనుమానం.

పని ఇదీ. తిరుపతి గంగజాతర రాత్రిళ్ళు (వీధి దీపాలు, ట్యూబులైట్లు, సీరియల్ సెట్లు అన్నీ కలగాపులగం), చంద్రగిరి కోటలో మధ్యాహ్నం సీన్లు, చిత్తూరులో ఒక పాత మిద్దె ఇంట్లో లోపలి సీన్లు, తలకోనలో రెండు రోజులు. పెద్ద కెమెరా సూపర్ 35 సెన్సర్ (పాత 35 మి.మీ. సినిమా ఫ్రేమంత), పీఎల్ మౌంట్ (లెన్సు బిగించే మూతి రకం) ప్రైమ్‌లు (జూమ్ లేని లెన్సులు) 18, 25, 35, 50, 85 మి.మీ. గింబల్ (నడుస్తూ తీసినా అదరనివ్వని పరికరం) మీదికి సోనీ ఈ-మౌంట్ చిన్న కెమెరా, 24 లెన్సు. సామాను చెన్నై నుంచి వస్తుంది కాబట్టి ఇక్కడికి చేరాక తేడా బయటపడితే మార్చుకోవడానికి ఒక పూట పోయినట్టే.

తేలనివి మూడు. సెకనుకు 24 ఫ్రేములకు షట్టర్ 144 డిగ్రీలు (ఒక్కో ఫ్రేములో షట్టర్ తెరిచి ఉండే వంతు, 360 అంటే పూర్తిగా) పెడితే ఫ్లిక్కర్ (దీపాల అదురు) రాదని ఉంది, ఇక్కడా అంతేనా? డెప్త్ (ముందూ వెనకా షార్పుగా ఉండే మేర) పట్టిక చూపినంత డెప్త్ మానిటర్‌లో రావడం లేదు, పట్టిక తప్పా, లెన్సు తప్పా? ఎన్‌డీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుగు తగ్గించే గాజు) మీద ఒకచోట 0.9 అని, ఇంకోచోట 8 అని, కెమెరా మెనూలో 1/64 అని ఉంది, వీటిని ఒక వరసలోకి ఎట్లా తేవాలి? ఫిలిం రీళ్ళ పట్టికలు ఉంచాలా, తీసెయ్యాలా అన్నది కూడా చెప్పండి.


చోక్_లైటు

తమ్ముడూ, ముందు ఆ 144 కొట్టేసి అదే చోట 172.8 అని రాయి.

144 డిగ్రీలు 60 హెర్ట్జ్ కరెంటున్న దేశాల లెక్క. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కరెంటు ఒక చుట్టు తిరిగేలోపల దీపం రెండుసార్లు పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. అంటే పాత చోక్ ట్యూబులైటైనా, సోడియం వీధి దీపమైనా సెకనుకు 100 సార్లు కొట్టుకుంటుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో ఆ కొట్టుకోవడం ఒకటో, రెండో, మూడో పూర్తిగా పడాలి. అప్పుడే ప్రతి ఫ్రేముకూ సమానంగా వెలుగు అందుతుంది.

ఎక్స్‌పోజర్ సమయం కావాలంటే డిగ్రీలను 360తో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ ఫ్రేము రేటుతో భాగించు. 24 ఫ్రేముల దగ్గర 172.8 పెడితే 1/50 సెకను, రెండు కొట్టుకోవడాలు నిండుగా పడతాయి. 144 పెడితే 1/60 సెకను, అందులో పట్టేది 1.67. ఆ తెగిపోయిన ముక్క ఒక్కో ఫ్రేములో ఒక్కోచోట పడుతుంది కాబట్టి బొమ్మ అదురుతుంది. రోలింగ్ షట్టర్ సెన్సర్ (బొమ్మను వరస వెంట వరసగా చదివేది) అయితే అడ్డంగా పట్టీలు పాకుతాయి. 24 దగ్గర 180 పెట్టినా 1/48 వస్తుంది, తేడా కొంచెమే. గదిలో వేరే లైట్లు బలంగా ఉంటే అది కనబడకుండా పోతుంది. ట్యూబులైటు ఒక్కటే ఆధారమై వెనకాల తెల్లగోడ ఉంటే బయటపడుతుంది.

పుస్తకంలోకి ఇవి రాసుకో: 24కు 86.4, 172.8, 259.2. 25కు 90, 180, 270. 30కి 108, 216. 48కి 172.8. 50కి 180. 60కి 216. ఇంతకుమించి ఆ పేజీలో ఏమీ వద్దు.

జాతర రాత్రి అసలు చిక్కు ట్యూబులైట్లతో కాదు, సీరియల్ సెట్లతో. చవక సెట్లలో చాలావాటికి లోపల ఒక్కటే డయోడు ఉంటుంది. కరెంటు చుట్టులో సగం మాత్రమే వాడుకుంటాయి. అవి సెకనుకు కొట్టుకునేది 100 సార్లు కాదు, 50 సార్లే. వాటి దగ్గర 1/100 (24కు 86.4) పనికిరాదు. 1/50 మాత్రం నిలబడుతుంది, ఎందుకంటే అందులో ఒక కొట్టుకోవడం పూర్తిగా పడుతుంది. కదలిక పదునుగా ఉండాలని షట్టర్ 90 దగ్గరకు దించేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ట్యూబులైటు కింద టెస్టు చేసి బాగుందనుకుంటారు, తీరా రథం దగ్గరికి పోయాక సీరియల్ లైట్లు ఒక ఫ్రేములో ఉండి ఇంకో ఫ్రేములో మాయమవుతాయి.

రంగులు మారుతూ పరుగెత్తే సెట్లు, డిమ్మర్ ఉన్న ఎల్‌ఈడీలు ఇంకో జాతి. వాటి కంట్రోలరు తన సొంత వేగంతో ఆర్పి వెలిగిస్తుంది, దానికి కరెంటు 50 హెర్ట్జ్‌తో సంబంధమే లేదు. 172.8 అక్కడ మంత్రం కాదు. మన చేతిలో ఉన్న లైటయితే డిమ్మర్ తగ్గించకుండా నూటికి నూరు పెట్టి, వెలుగును జెల్‌తోనో స్కిమ్మర్ గుడ్డతోనో దించుకో. దేవస్థానం వాళ్ళు కట్టిన లైటయితే షట్టర్‌ను 0.1 డిగ్రీ చొప్పున జరుపుతూ పట్టీలు నిలిచిపోయే చోటు వెతకడమే.

టెస్టు తేలిక. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లోమోషన్ పెట్టి వీధి మొత్తం ఒకసారి తిప్పు, ఏ దీపం కొట్టుకుంటుందో అక్కడికక్కడే తెలుస్తుంది. తర్వాత ఆ దీపాల కింద తెల్ల థర్మోకోల్ పెట్టి పెద్ద కెమెరాతో పది సెకన్లు తీసి వేవ్‌ఫారం (మానిటర్‌లో వెలుగు కొలత చూపే గీత) చూడు. గీత అడ్డంగా, సమంగా, కదలకుండా ఉంటే సరే, అలలు తిరిగితే కాదు.

ఇంకొకటి. అద్దెకొచ్చిన కెమెరా చాలాసార్లు 23.976లో ఉంటుంది. అది కూడా అమెరికా టీవీ వారసత్వమే. థియేటర్‌కయితే 24.000 పెట్టుకో. 23.976లో తీసి ఎడిటింగ్‌లో 24గా చదివిస్తే వేరేగా రికార్డు చేసిన సౌండు గంటకు 3.6 సెకన్లు జరుగుతుంది. పది నిమిషాల టేకులో పెదాలకు, మాటకు పొంతన ఉండదు.


టేపు_కొక్కెం

డెప్త్ సంగతి నేను చెప్తా. పట్టిక తప్పు కాదు, లెన్సు కూడా బహుశా తప్పు కాదు. ఆ పేజీ నెత్తిన చిన్నక్షరాల్లో సర్కిల్ ఆఫ్ కన్‌ఫ్యూజన్ ఎంతని వేశారో చూడు. పాత పట్టికల్లో 35 మి.మీ. ఫిలింకు అది 0.001 అంగుళం, అంటే 0.025 మి.మీ. ఒక చుక్క ఎంత మచ్చగా విచ్చుకునేదాకా దాన్ని షార్పు అని ఒప్పుకుంటామో, ఆ హద్దు అది. 4కె సూపర్ 35 సెన్సర్‌లో ఒక పిక్సెల్ దాదాపు 0.006 మి.మీ. అంటే నాలుగు పిక్సెళ్ళ వెడల్పున కరిగిపోయిన చుక్కను కూడా ఆ పట్టిక షార్పు అంటుంది. పెద్ద మానిటర్‌కు ముఖం ఆనించి చూసేవాడు ఒప్పుకుంటాడా?

లెక్క నువ్వే వేసుకోవచ్చు. ఫోకల్ లెంగ్త్‌ను దానితోనే గుణించు. స్టాప్‌ను (లెన్సు ఎంత తెరిచామో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ తెరిచినట్టు) సర్కిల్ అంకెతో గుణించు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే హైపర్‌ఫోకల్ దూరం (అక్కడ ఫోకస్ పెడితే అందులో సగం దూరం నుంచి అవతలంతా షార్పు) వస్తుంది, మి.మీ.లలో. (చివర ఒక ఫోకల్ లెంగ్త్ కలపాలి గానీ మన పనికి అది లెక్కలోకి రాదు.) 50 లెన్సు, 2.8, సర్కిల్ 0.025 అయితే 2500ను 0.07తో భాగించాలి, 35.7 మీటర్లు. మనిషి 3 మీటర్లలో ఉంటే దగ్గరి హద్దు కోసం 35.7ను 3తో గుణించి 38.7తో భాగించు, దూరపు హద్దు కోసం 32.7తో భాగించు. 2.77 నుంచి 3.28 దాకా వస్తుంది, అర మీటరు. అదే సర్కిల్‌ను సగం చేసి 0.0125 పెట్టు: 2.88 నుంచి 3.13, పాతిక సెంటీమీటర్లు. మానిటర్‌లో నీకు కనబడుతున్నది ఈ రెండోది.

పట్టికంతా మళ్ళీ కట్టక్కర్లేదు. సర్కిల్ సగమైతే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) తెరిచినట్టే లెక్క. నువ్వు 5.6లో తీస్తుంటే పట్టికలో 2.8 నిలువు చూడు, అంతే. ఈ ఒక్క వాక్యం ఆ పేజీ నెత్తిన ఎర్ర ఇంకుతో రాసుకో.

85 మీద ఇది ఇంకా కఠినం. 2 మీటర్లలో ముఖం, స్టాప్ 2, సర్కిల్ పాత 0.025 పెట్టినా 1.97 నుంచి 2.03 దాకానే. కంటికి పట్టుకుంటే చెవి పోతుంది. సగం సర్కిల్‌తో దాదాపు మూడు సెంటీమీటర్లు, అంటే నటుడు ఊపిరి తీసుకుంటే చాలు. అక్కడ పట్టిక చూడటం దండగ, ఫోకస్ నటుడి కళ్ళ మీద పెట్టుకుని లాగడమే.

గింబల్ కెమెరాకు మటుకు పట్టిక నిజంగా పనికొస్తుంది. 24 లెన్సు, 5.6, సర్కిల్ 0.025 అయితే హైపర్‌ఫోకల్ 4.1 మీటర్లు, అక్కడ ఫోకస్ పెట్టి వదిలేస్తే 2 మీటర్ల అవతల ఉన్నదంతా ఒప్పుకోదగ్గట్టు ఉంటుంది. సగం సర్కిల్ పెట్టుకుంటే 8.2 మీటర్లు, హద్దు 4.1. జాతర గుంపులో మనుషులు రెండు మీటర్ల కంటే దగ్గరికొచ్చేస్తారు, కాబట్టి ఒక చెయ్యి వైర్‌లెస్ ఫోకస్ మీద ఉండాల్సిందే.

ముక్కుపుడక, బొట్టు, వేషగాళ్ళ ముఖం మీది రంగు లాంటి దగ్గరి షాట్లకు ఈ లెక్క చెల్లదు. అక్కడ మాగ్నిఫికేషన్ కావాలి. సెన్సర్ వెడల్పు సుమారు 25 మి.మీ., ఫ్రేములో పట్టేది 10 సెం.మీ. అయితే మాగ్నిఫికేషన్ పావు. డెప్త్ మొత్తం ఎంతంటే 2 × స్టాప్ × సర్కిల్ × (1 + మాగ్నిఫికేషన్), దాన్ని మాగ్నిఫికేషన్ వర్గంతో భాగించాలి. స్టాప్ 8, సర్కిల్ 0.025 అయితే 8 మి.మీ. ఎనిమిదిలో తీసినా ఎనిమిదే! మ్యాక్రో లెన్సు ముందుకు సాగిన కొద్దీ వెలుగు కూడా తగ్గుతుంది. పావు దగ్గర నష్టం 1.25 వర్గం, అంటే దాదాపు మూడింట రెండొంతుల స్టాప్. మీటరుకు ఆ సంగతి తెలియదు.

చివరిగా అడుగులు, అంగుళాలు. చెన్నై నుంచి వచ్చే లెన్సుల్లో కొన్నిటి రింగు అడుగుల్లో, కొన్నిటిది మీటర్లలో ఉంటుంది. అడుగుల పట్టికలో 5.5 అంటే 5 అడుగుల 6 అంగుళాలు. దాన్ని చూసి టేపు మీద 5 అడుగుల 5 అంగుళాలు పట్టేవాడు, టేపు మీద 5 అడుగుల 6 చూసి 5.6 అని రాసేవాడు, ఇద్దరూ తప్పే. పుస్తకంలో దశాంశ అడుగులు అసలే వద్దు. అడుగు 0.3048 మీటరు అని ఒక వరస వేసి, ఆరేసి అంగుళాలకు మీటర్ల వరస పక్కన కట్టు. టేపు కొక్కెం లెన్సు ముందు తగిలించొద్దు, కెమెరా పక్కన సున్నాకు అడ్డగీత ఉన్న గుర్తు దగ్గర తగిలించు. దూరం లెక్క అక్కడి నుంచే.


మానిటర్_ముందు

టేపు అన్న లెక్క సరే, కానీ 0.0125 అందరికీ పెట్టడం కాస్త అతి అనిపిస్తుంది. చూసేవాడు ఎంత పెద్ద తెర, ఎంత దూరం నుంచి చూస్తాడన్నదాని మీదే కదా ఆ హద్దు. 0.018 మధ్యస్తం. 50 లెన్సు 2.8, 3 మీటర్లకు అది 2.83 నుంచి 3.19. పట్టికలో ఒక్క స్టాప్ తెరిచిన నిలువు చూస్తే సరిపోతుంది, గుర్తుపెట్టుకోవడమూ తేలిక.


టేపు_కొక్కెం

ఓటీటీ పనికి మీ 0.018 ఒప్పుకుంటా. థియేటర్‌కు పోయే బొమ్మకు ఒప్పుకోను, తెర మీద తప్పు చూపించేది ఫోకస్ పుల్లర్‌నే (ఫోకస్ లాగే అసిస్టెంటునే). తమ్ముడు ఏది ఎంచుకున్నా ఆ అంకె ప్రతి పేజీ నెత్తిన ఉండాలి. అది రాయని డెప్త్ పట్టిక ఏ యాప్‌లో ఉన్నా నమ్మొద్దు.


ఎండపొద్దు

ఎన్‌డీ వరస: 0.3 = 1 స్టాప్ = 2 = 1/2. 0.6 = 2 స్టాపులు = 4 = 1/4. 0.9 = 3 = 8 = 1/8. 1.2 = 4 = 16 = 1/16. 1.5 = 5 = 32 = 1/32. 1.8 = 6 = 64 = 1/64. 2.1 = 7 = 128 = 1/128. దశాంశం ఉన్న అంకెను 0.3తో భాగిస్తే స్టాపులొస్తాయి. దశాంశం లేని అంకె ఎన్నో వంతు వెలుగు లోపలికి పోతుందో చెబుతుంది. 8 రాసి ఉన్న గాజును 0.8 అనుకుని వేసేవాళ్ళున్నారు, అందుకే సంచి మీద స్టాపుల్లో మళ్ళీ రాసి అంటించండి.

చంద్రగిరి కోటలో మధ్యాహ్నం ఎంత కావాలో ముందే లెక్క కట్టొచ్చు. నేరుగా పడే ఎండలో ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 800 అయితే 16 స్టాప్‌కు 1/800 సెకను. మీ షట్టర్ 1/50, అంటే 4 స్టాపులు ఎక్కువ వెలుగు. 16 దగ్గరే ఉండాలన్నా 1.2 కావాలి. 2.8లో తీయాలంటే ఇంకో 5 స్టాపులు, మొత్తం 9, అంటే 2.7. కెమెరా లోపల 1/64 వరకే ఉంటే అది 6, మిగతా 3 స్టాపులకు మ్యాట్ బాక్స్‌లో (లెన్సు ముందు ఫిల్టర్లు పెట్టే చట్రం) 0.9. 2.8 బదులు స్టాప్ 4కు ఒప్పుకుంటే అక్కడ 0.6 చాలు. కోట రాయి, లేత రంగు నేల వెలుగును తిరిగి విసురుతుంది కాబట్టి ముఖం మీద మీటరు పెట్టి చూసుకోకుండా ఈ లెక్క మీదే స్టాప్ ఖాయం చేయొద్దు.

ఎక్కువ ఎన్‌డీ వేసినప్పుడు వచ్చే రోగం ఇన్‌ఫ్రారెడ్. మామూలు ఎన్‌డీ కంటికి కనబడే వెలుగును తగ్గిస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రం చాలామటుకు వదిలేస్తుంది. కనబడే వెలుగు 9 స్టాపులు తగ్గిపోయాక దాని పక్కన ఈ కనబడనిది పెద్దదైపోతుంది. ఫలితం, పాలియెస్టర్ నల్ల ప్యాంటు వక్కపొడి రంగులోకి మారుతుంది. పక్కనే ఉన్న నూలు నల్లబట్ట నల్లగానే ఉంటుంది. వైట్ బ్యాలెన్స్ మారిస్తే పోదు, ఎందుకంటే తెలుపు సరిగ్గానే ఉంది, చెడింది నలుపు మాత్రమే. మందు ఐఆర్-ఎన్‌డీ గాజు, లేదా కెమెరాలోని ఎన్‌డీ. బట్టలవాళ్ళను అడిగి ఒక నల్ల పాలియెస్టర్ ముక్క, ఒక నల్ల నూలు ముక్క తెచ్చి, 1.2 పైన ప్రతి ఫిల్టర్‌కూ వేసి, తీసి షాటు తీయండి. రెండు నిమిషాల పని.

గింబల్ మీద వేరియబుల్ ఎన్‌డీ వాడితే చివరి గుర్తు దాటి తిప్పొద్దు, 24 లెన్సులో ఆకాశం మీద ఇంటూ గుర్తులా నల్ల నీడ పడుతుంది. తలకోనలో నీటి మెరుపు తగ్గించడానికి పోలరైజర్ వేస్తారు కదా, దానికి ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు పోతాయి, అడవిలో చెట్ల నీడకు అది జాస్తి.

లాగ్‌లో (రంగులు తర్వాత సరిచేసుకోవడానికి తీసే చప్పటి రికార్డింగు) తీస్తారు కాబట్టి ఒక వరస చేర్చండి: 18 శాతం గ్రే కార్డు వేవ్‌ఫారం మీద సోనీ ఎస్-లాగ్3లో 41 శాతం, ఏరీ లాగ్-సీ3లో 39, పానాసోనిక్ వీ-లాగ్‌లో 42 దగ్గర పడాలి. రెండు కెమెరాలూ వేర్వేరు కంపెనీలవైతే ఇది చూసుకోకుండా కలపడం కష్టం.


52_మిల్లీమీటర్లు

అందరూ మరిచిపోయే పేజీ మౌంట్ల పేజీ. పీఎల్ 52 మి.మీ., ఎల్‌పీఎల్ 44, కానన్ ఈఎఫ్ 44, నికాన్ ఎఫ్ 46.5, కానన్ ఆర్‌ఎఫ్ 20, ఎల్-మౌంట్ 20, సోనీ ఈ 18, నికాన్ జెడ్ 16. మౌంట్ ముఖం నుంచి సెన్సర్ దాకా దూరం ఇది. లెన్సు అంకె కెమెరా అంకె కంటే పెద్దదైతేనే మధ్యలో అడాప్టర్ పడుతుంది. మీ పీఎల్ లెన్సులు ఈ-మౌంట్ కెమెరాకు 34 మి.మీ. అడాప్టర్‌తో ఎక్కుతాయి. ఈఎఫ్ లెన్సు పీఎల్ కెమెరాకు ఎక్కదు, ఎక్కించామన్నా ఇన్ఫినిటీ రాదు.

ఇక్కడ వందో వంతు మి.మీ. కూడా లెక్కే, అదీ వెడల్పు లెన్సులకు. మౌంట్ 0.02 మి.మీ. దూరంగా ఉందనుకోండి. 18 లెన్సు వర్గం 324, దాన్ని 0.02తో భాగిస్తే 16 మీటర్లు. అంటే రింగు ఇన్ఫినిటీ దగ్గర పెట్టినా లెన్సు చూసేది 16 మీటర్లనే. 3 మీటర్ల గుర్తు దగ్గర పెడితే 2.5 మీటర్లలో షార్పు. అదే తేడా 85కు 361 మీటర్లు, ఎవరికీ తెలియదు. అందుకే 85తో టెస్టు చేసి మౌంట్ బాగుందని సర్టిఫికెట్ ఇవ్వొద్దు, 18తో చేయండి. లెన్సు దూరంగా ఉంటే ఇన్ఫినిటీ అందదు, దగ్గరగా ఉంటే ఇన్ఫినిటీ గుర్తు రాకముందే కొండ షార్పు అయ్యి, దాటాక మసకబారుతుంది.

టెస్టు చెన్నైలోనే, సామాను బండి ఎక్కకముందే జరగాలి. సీమెన్స్ స్టార్ చార్టు (గీతలన్నీ మధ్యలో కలిసే ఫోకస్ బొమ్మ), లెన్సు పూర్తిగా తెరిచి, టేపుతో కొలిచిన దూరంలో. కంటితో షార్పు తెచ్చి రింగు ఏ అంకె చూపుతుందో చూడండి. అన్ని లెన్సులూ ఒకే దిక్కుకు తప్పుతుంటే తప్పు కెమెరా మౌంట్‌లో, షిమ్ (మౌంట్ కింది పల్చటి రేకు) మార్చాలి. ఒక్కటే తప్పితే ఆ లెన్సుది. జూమ్ ఉంటే టెలీలో ఫోకస్ పట్టి వైడ్‌కు రండి, మసకైతే బ్యాక్ ఫోకస్ కదిలింది. అడాప్టర్ గింబల్ కెమెరాకే వేసి విడిగా చూడండి, చవక అడాప్టర్‌లో తేడా తరచూ కనిపించేది అక్కడే.

రేణిగుంట లాడ్జిలో రాత్రంతా ఏసీ గదిలో ఉన్న లెన్సు పెట్టెను ఉక్కపోత పొద్దున బయటికి తెచ్చి వెంటనే తెరవొద్దు. మూసిన పెట్టెలోనే అరగంట పైన వదలాలి. లేకపోతే ముందు గాజు తుడిచినా లోపలి గాజు మీద తడి పోదు.

రీళ్ళ పట్టిక తీసెయ్. గుర్తుకు ఒక్క వరస చాలు: 35 మి.మీ. ఫిలిం, ఫ్రేముకు నాలుగు పెర్ఫొరేషన్ల (అంచు రంధ్రాల) లెక్కన నిమిషానికి 90 అడుగులు, 400 అడుగులు 4 నిమిషాల 26 సెకన్లు. ఆ పేజీలో కార్డుల లెక్క పెట్టు. యూహెచ్‌డీ 24 ఫ్రేములు ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే రికార్డింగ్ ఫార్మాట్‌లో సెకనుకు 707 మెగాబిట్లు, అంటే నిమిషానికి 5.3 జీబీ, గంటకు 318 జీబీ. 512 జీబీ కార్డు గంటన్నర. దాన్ని సెకనుకు 400 ఎంబీ పోయే డిస్కులోకి దించడానికి 21 నిమిషాలు, చెక్‌సమ్ (కాపీ అసలుతో సరిపోయిందా అన్న లెక్క) సరిచూడటానికి దాదాపు మళ్ళీ అంతే. జాతర రాత్రి రెండు కార్డులతో పోతే మూడు గంటలు తీశాక కెమెరా ఖాళీగా నిలబడుతుంది.


అలిపిరి_అసిస్టెంట్

అన్నలందరికీ దండాలు. 0.018 ఎంచుకున్నాం, నెత్తిన రాశాం. చిత్తూరు ఇంట్లో రెండు 2 కిలోవాట్ల టంగ్‌స్టన్ లైట్లు, బయట కిటికీకి ఒక పెద్ద హెచ్‌ఎంఐ (ఎండ రంగు వెలుగిచ్చే లైటు) జనరేటర్ మీద. మాన్యువల్‌లో వాట్లను 100తో భాగిస్తే ఆంపులని ఉంది. ఇక్కడ? ఇంకా, డప్పుల షాట్లకు 120 ఫ్రేములు కావాలంటున్నారు డీఓపీ (ఛాయాగ్రాహకుడు). దానికి పుస్తకంలో 360 డిగ్రీలు అని రాశాను, సరేనా?


చోక్_లైటు

100తో భాగించేది వాళ్ళ 120 వోల్టులకు. ఇక్కడ 200తో భాగించు, కొంచెం జాగ్రత్త కూడా కలిసొస్తుంది. 2 కిలోవాట్ల లైటుకు 10 ఆంపులు అనుకో, నిజానికి 8.7. ఇంట్లో 5 ఆంపుల ప్లగ్గుకు అది ససేమిరా వద్దు, 15 ఆంపుల ప్లగ్గుకు ఒక్కటే. రెండు 15 ఆంపుల ప్లగ్గులున్నా లోపల ఒకే వైరు మీద ఉండొచ్చు, మీటరు పెట్టె దగ్గర ఒక్కో ఎంసీబీ దించి చూసి రెండోదాన్ని వేరే లైను మీద పెట్టు. పాత మిద్దెల్లో అల్యూమినియం వైరింగ్ కనబడితే అసలు ఇంటి కరెంటే వద్దు, జనరేటర్ నుంచి లాగు. సాయంత్రం వోల్టేజ్ 200కు పడితే టంగ్‌స్టన్ 3200 కెల్విన్ ఉండదు, 3000 దగ్గరికి దిగుతుంది. గోడ పసుపెక్కిందని జెల్ మార్చేముందు వోల్టేజ్ చూడు.

జనరేటర్ ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉన్నప్పుడు కాదు, లైట్లన్నీ వెలిగాక చూడు. మామూలు గవర్నర్ (వేగం అదుపు చేసే భాగం) ఉన్న ఇంజను ఖాళీగా 52 చూపించి, లోడు పడ్డాక 50కి దిగుతుంది. ఖాళీగా 50కి సర్దితే లోడు మీద 48 అవుతుంది. హెచ్‌ఎంఐకి ఎలక్ట్రానిక్ బల్లాస్ట్ (లైటుకు కరెంటు సర్ది ఇచ్చే పెట్టె) అయితే ఫ్లిక్కర్-ఫ్రీ నొక్కు, ఫ్రీక్వెన్సీతో పని ఉండదు. గుయ్యిమనే శబ్దం మాత్రం పెరుగుతుంది కాబట్టి సౌండు అతనికి చెప్పి బల్లాస్ట్‌ను వైరు పొడుగున్నంత దూరం పెట్టు. మ్యాగ్నెటిక్ బల్లాస్ట్ వస్తే వెనక్కి పంపడం మేలు.

120కి 360 తప్పు. 120 ఫ్రేముల దగ్గర షట్టర్ పూర్తిగా తెరిచినా 1/120 సెకనే, ఒక్క కొట్టుకోవడానికి 1/100 కావాలి. పట్టదు. ఏ కోణం పెట్టినా జాతర దీపాల కింద బొమ్మ సెకనుకు 20 సార్లు అదురుతుంది. 100 ఫ్రేములకు దిగితే 360 దగ్గర సరిగ్గా 1/100 వస్తుంది. కెమెరాలో 360 లేకపోయి 180 పెట్టాల్సి వస్తే ఫ్రేము ఫ్రేముకూ వెలుగు మారదు గానీ, పట్టీలు ఒకేచోట నిలబడతాయి, కరెంటు సరిగ్గా 50 లేనప్పుడు మెల్లగా పాకుతాయి. డయోడు సీరియల్ సెట్లు ఫ్రేములో ఉంటే 100 కూడా కుదరదు, అవి ఒక ఫ్రేములో వెలిగి ఇంకో ఫ్రేములో ఆరుతాయి. అప్పుడు 50 ఫ్రేములు, 360, అంటే 1/50. డీఓపీ గారు 120 పట్టుబడితే డప్పుగాళ్ళను సీరియల్ సెట్లకు దూరంగా తీసుకొచ్చి మన ఫ్లిక్కర్-ఫ్రీ లైటుతోనే నింపాలి.


అలిపిరి_అసిస్టెంట్

120 వరస కొట్టేశాను. 100 పక్కన 360 ఒక్కటే ఉంచి, కింద "సీరియల్ సెట్లుంటే 50కి 360" అని చేర్చాను. డీఓపీ సార్‌కు పొద్దున చూపిస్తా.